ర్యామ్ ఖాళీగా ఉన్నా 'మెమరీ తక్కువగా ఉంది' అంటోంది, పాత ల్యాప్‌టాప్‌లో క్రోమ్‌తో తంటా

#1 పాతపెట్టె
నాది బాగా పాత ల్యాప్‌టాప్. విండోస్ 10 64 బిట్, 4 జీబీ ర్యామ్. హార్డ్‌డిస్క్ మరీ నత్తనడక నడుస్తోందని దాన్ని తీసేయించి 128 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించాను. ఆన్ అవడం ఇప్పుడు చకచకా అవుతోంది, ఆ విషయంలో వంక పెట్టలేను. కానీ క్రోమ్‌లో ఎనిమిదో పదో ట్యాబులు తెరిచానంటే చాలు, 'కంప్యూటర్‌లో మెమరీ తక్కువగా ఉంది, ఫైళ్లు సేవ్ చేసుకుని ఈ ప్రోగ్రాములు మూసేయండి' అని విండోస్ నుంచి ఒక పెట్టె వస్తోంది. కింద క్రోమ్ పేరు. పట్టించుకోకుండా పని చేసుకుంటూ పోతే ట్యాబులు ఒక్కొక్కటే 'అవుట్ ఆఫ్ మెమరీ' అని చచ్చిపోతున్నాయి. సగం నింపిన ఫారమ్ అలాగే పోయింది.

నాకు అంతుపట్టనిది ఏంటంటే, ఆ పెట్టె వచ్చిన క్షణంలోనే టాస్క్ మేనేజర్ చూస్తే మెమరీ 69 శాతం అనే ఉంటుంది. మిగతా 31 శాతం ఏ గంగలో కలిసినట్టు? హార్డ్‌డిస్క్ ఉన్న రోజుల్లో నిదానంగా ఉండేది గానీ ఈ హెచ్చరిక ఎప్పుడూ రాలేదు.

#2 ట్యాబురాజా
క్రోమ్ అంతే బ్రో. ఎంత ర్యామ్ పెట్టినా బకాసురుడే. ఫైర్‌ఫాక్స్‌కి మారిపో, పీడా పోతుంది.

#3 శుభ్రం_సుబ్బు
హిస్టరీ, కుకీలు, క్యాష్ మొత్తం క్లియర్ చేయండి. తర్వాత ఏదైనా ర్యామ్ క్లీనర్ వేసుకుని ప్రతి అరగంటకీ ఒకసారి బటన్ నొక్కండి. నేను ఏళ్ల తరబడి అదే చేస్తున్నాను, నా సిస్టమ్ కూడా పాతదే.

#4 గోడమీదపిల్లి
ప్రతి అరగంటకీ బటన్ నొక్కాలంటే ఇక పని ఎప్పుడు చేస్తాడండీ పాపం.

#5 లోతుచూపు
సుబ్బు గారూ, క్యాష్ అంటే సైట్ల నుంచి దింపి దాచుకున్న ఫైళ్లు, అవి ఉండేది డిస్క్ మీద. దాన్ని తుడిస్తే డిస్క్‌లో చోటు మిగులుతుంది గానీ ర్యామ్‌లో పెద్దగా ఏమీ తేడా రాదు. పైగా తర్వాతసారి సైట్లన్నీ మళ్లీ మొదటినుంచి డౌన్‌లోడ్ అవుతాయి. కుకీలు తీసేస్తే అన్ని చోట్లా మళ్లీ లాగిన్ తిప్పలు.

ర్యామ్ క్లీనర్ల సంగతి ఇంకా ఘోరం. వాటిలో చాలావరకు చేసేది ఒక్కటే, నడుస్తున్న ప్రోగ్రాముల పేజీలను, అంటే మెమరీ ముక్కలను, ర్యామ్ నుంచి బలవంతంగా బయటికి నెట్టడం. అంకె కిందికి దిగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. మళ్లీ ఆ ట్యాబ్ మీద క్లిక్ చేయగానే అవన్నీ తిరిగి రావాల్సిందే, కాబట్టి ముందుకంటే నిదానం అవుతుంది.

పాతపెట్టె గారూ, మీరు చెప్పినదాంట్లో ఆఖరి వాక్యం నాకు అనుమానం పుట్టిస్తోంది. ఎస్‌ఎస్‌డీ వేయించాకే మొదలైందంటే క్రోమ్‌ని తిట్టేముందు ఇంకోటి చూడాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబుకి వెళ్లి మెమరీ మీద నొక్కండి. పైన గ్రాఫ్ వదిలేయండి, కింద 'కమిటెడ్' అని ఒక పెట్టెలో రెండు అంకెలు మధ్యలో గీతతో ఉంటాయి. హెచ్చరిక వచ్చిన సమయంలో ఆ రెండూ ఎంత ఉన్నాయో చెప్పండి. సీ డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉందో కూడా.

#6 శుభ్రం_సుబ్బు
సిద్ధాంతం మీది, అనుభవం నాది. నాకు పని చేస్తోంది కాబట్టి చెప్పాను.

#7 కీబోర్డుకింద_ధూళి
నాకూ ఇలాంటిదే వస్తోంది, కలిపి అడిగేస్తున్నా. స్క్రీన్ కుడివైపు కింద మూల 'మీ బ్రౌజర్ మెమరీ 98 శాతం నిండిపోయింది, ఇప్పుడే శుభ్రం చేయండి' అని ఎర్ర రంగులో వస్తోంది. బ్రౌజర్ మూసేసినా ఒక్కోసారి వస్తోంది. ఇది కూడా కమిటెడ్ వల్లేనా?

#8 నిద్రపోనిట్యాబ్
ధూళి గారూ, ఆగండి, దాని మీద నొక్కకండి! అది మెమరీ హెచ్చరిక కాదు, ప్రకటన. ఎప్పుడో ఏదో సైట్ 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని అడిగితే అనుమతి పడిపోయి ఉంటుంది. అలాంటివాళ్లే ఈ వేషాలు వేస్తారు. మీ కంప్యూటర్లో మెమరీ ఎంత నిండిందో వెబ్‌సైట్‌కి ఎలా తెలుస్తుంది చెప్పండి. ఆ 98 శాతం అందరికీ 98 శాతమే.

ఈసారి వచ్చినప్పుడు దానిమీద చిన్న అక్షరాల్లో సైట్ అడ్రస్ ఉంటుంది, రాసిపెట్టుకోండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్ల జాబితా కనిపిస్తుంది. ఆ సైటూ, మీకు తెలియని మిగతావీ తీసేయండి. అక్కడే అసలు ఏ సైటూ అడగకుండా చేసే ఆప్షన్ కూడా ఉంది. బ్రౌజర్ మూసినా వస్తోందంటే క్రోమ్ వెనకాల నడుస్తూనే ఉందన్నమాట, సెట్టింగ్స్‌లో సిస్టమ్ విభాగంలో ఆ స్విచ్ ఆపేయండి. దానివల్ల కాస్త ర్యామ్ కూడా మిగులుతుంది.

#9 కీబోర్డుకింద_ధూళి
జాబితా చూశాను. అందులో పేర్లు చదువుతుంటే నాకే భయమేసింది. అన్నీ పీకేశా. థాంక్స్ అండీ.

#10 గోడమీదపిల్లి
98 శాతం అని పెట్టడంలోనే ఉంది తెలివి. 100 అంటే ఎవరూ నమ్మరు కదా.

#11 పాతపెట్టె
లోతుచూపు గారూ, ఇప్పుడే మళ్లీ వచ్చింది, చూసి రాశాను.
వాడుతున్నది 2.7 జీబీ.
కమిటెడ్ 3.8 / 3.9 జీబీ.
సీ డ్రైవ్‌లో 31 జీబీ ఖాళీ.
2.7 కీ 3.8 కీ మధ్య ఒక జీబీ పైన తేడా ఉంది. అది ఎవరు వాడుతున్నట్టు?

#12 లోతుచూపు
అనుకున్నంతా అయింది. మీ పేజ్‌ఫైల్ ఎవరో ఆపేశారు. ర్యామ్‌కి తోడుగా విండోస్ డిస్క్ మీద పెట్టుకునే ఫైల్ అది.

ఆ ఒక జీబీ తేడాని ఎవరూ వాడట్లేదు, అదే కిటుకు. ఒక ప్రోగ్రామ్ 'నాకు 200 ఎంబీ కావాలి' అని అడిగితే విండోస్ సరే అని మాట ఇస్తుంది. ప్రోగ్రామ్ అందులో 120 మాత్రమే ముట్టుకోవచ్చు. ర్యామ్‌లో నిజంగా నిండేది ఆ 120 మాత్రమే, మీరు చూసే శాతం దాన్నిబట్టే. కానీ విండోస్ మాట ఇచ్చింది 200కి. అలా ఇచ్చిన మాటల మొత్తం మీ 3.8. విండోస్ ఈ విషయంలో పట్టుదల మనిషి, తీర్చలేని మాట ఇవ్వదు. దాని పరిమితి ఎంతంటే ర్యామ్, పేజ్‌ఫైల్ కలిపి ఎంత అయితే అంత. మీకు పరిమితి 3.9, అంటే సరిగ్గా మీ ర్యామ్ అంతే. పేజ్‌ఫైల్ సున్నా అని అర్థం. ర్యామ్‌లో 1.2 జీబీ ఖాళీగా పడి ఉన్నా కొత్తగా అడిగినవాడికి 'లేదు' అనే జవాబు. ఆ జవాబు విన్న ట్యాబ్ అక్కడే కూలిపోతుంది.

రూఢి చేసుకోవాలంటే ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. సోర్స్ 'రిసోర్స్ ఎగ్జాషన్ డిటెక్టర్', ఈవెంట్ నంబరు 2004 అని ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ ఎన్ని బైట్లు పట్టుకుని కూర్చుందో పేర్లతో సహా రాసి ఉంటుంది.

#13 ట్యాబురాజా
అంటే క్రోమ్ తప్పేం లేదంటారా? నమ్మబుద్ధి కావట్లేదు.

#14 లోతుచూపు
తప్పు లేదని ఎక్కడన్నాను? అడిగేవాళ్లలో అదే మొదటిది. కానీ ఫైర్‌ఫాక్స్‌కి మారినా ఇదే గోడకి తల కొట్టుకునేవారు. ఇదే సమస్యతో ఫైర్‌ఫాక్స్ విండోస్ మీద తెగ క్రాష్ అవుతుండేది. 2022లో వాళ్లు చేసిన మార్పు వింటే నవ్వొస్తుంది. విండోస్ 'మెమరీ లేదు' అనగానే కూలిపోకుండా ఒక్క క్షణం ఆగి మళ్లీ అడగడం, అంతే. ఆ క్షణంలో విండోస్ పేజ్‌ఫైల్‌ని పెంచుకుంటుంది, రెండోసారి అడిగితే దొరుకుతుంది. క్రాష్‌లు బాగా తగ్గిపోయాయి. అయితే అసలు పేజ్‌ఫైలే లేనిచోట ఎంతసేపు ఆగినా పెరిగేదేముంది.

#15 పెంగ్విన్_పెదనాన్న
అందుకే లైనక్స్ వాడమనేది. అక్కడ ఈ పట్టుదలలు లేవు, ఎంత అడిగితే అంతకీ సరే అంటుంది.

#16 గోడమీదపిల్లి
అవును పెదనాన్నా. తర్వాత నిజంగా అందరూ ఒకేసారి వాడుకుంటే ఎవర్నో ఒకర్ని చంపేస్తుంది, చెప్పకుండా. చాలాసార్లు ఆ చచ్చేది బ్రౌజరే.

#17 పెంగ్విన్_పెదనాన్న
అది నిజమే అనుకో. కానీ జెడ్‌ర్యామ్ పెట్టుకుంటే పేజీలని ర్యామ్‌లోనే కుదించి దాచుకుంటుంది, 4 జీబీ మిషన్‌లో తేడా తెలుస్తుంది. లైనక్స్ అనగానే నీకెందుకురా అంత కడుపుమంట.

#18 పాతపెట్టె
ఈవెంట్ 2004 వరసగా ఉన్నాయండీ, చాంతాడంత జాబితా. అన్నింట్లోనూ క్రోమ్.

ఎస్‌ఎస్‌డీ వేసినాయనకి ఫోన్ చేసి అడిగాను. 'అవును సార్, నేనే ఆపాను, పేజ్‌ఫైల్ ఉంటే ఎస్‌ఎస్‌డీ రాతలతో తొందరగా అరిగిపోతుంది, అందరికీ ఇలాగే చేస్తాను' అన్నాడు. మంచి ఉద్దేశంతోనే చేసినట్టున్నాడు. ఇప్పుడు ఆన్ చేస్తే నిజంగానే అరిగిపోతుందా?

#19 తిరగలిరాయి
ఆయన చెప్పిందాంట్లో అబద్ధమేం లేదు కదా. ఎస్‌ఎస్‌డీకి రాతల పరిమితి ఉంటుంది. ఉన్న 4 జీబీతో సర్దుకుని ట్యాబులు తగ్గించుకుంటే పోతుంది. ఎనిమిది ట్యాబులు ఒకేసారి ఎవరు చదువుతారండీ.

#20 నిద్రపోనిట్యాబ్
ఎనిమిదేనా, నా దగ్గర ఎప్పుడూ అరవైకి తక్కువ ఉండవు. దయచేసి నా జోలికి రాకండి.

#21 లోతుచూపు
తిరగలిరాయి గారూ, పరిమితి ఉన్నమాట నిజం. కానీ ఈ భయం ఎస్‌ఎస్‌డీలు కొత్తగా వచ్చిన రోజులది. 2009లో విండోస్ 7 తెస్తున్నప్పుడే మైక్రోసాఫ్ట్ ఇంజినీర్లు దీనికి జవాబు రాశారు. వాళ్లు చూసిన లెక్కల్లో పేజ్‌ఫైల్ నుంచి చదవడాలు, రాయడాలు 40కి 1 నిష్పత్తిలో ఉన్నాయి. చదివేవి చిన్న చిన్న ముక్కలు, ఎస్‌ఎస్‌డీ బ్రహ్మాండంగా చేసేది సరిగ్గా అదే పని. పేజ్‌ఫైల్ పెట్టడానికి ఎస్‌ఎస్‌డీని మించిన చోటు లేదన్నది వాళ్ల మాట. ఎస్‌ఎస్‌డీని కాపాడుకోవడానికి పేజ్‌ఫైల్ తీసేసి, చేసిన పని పోగొట్టుకోవడం ఏం లాభసాటి బేరం?

ఆన్ చేయడం ఇలా. రన్ పెట్టెలో 'సిస్టమ్ ప్రాపర్టీస్ అడ్వాన్స్‌డ్' అన్న మూడు పదాలూ ఇంగ్లిష్‌లో ఖాళీ లేకుండా కలిపి కొట్టి ఎంటర్ నొక్కండి. పెర్ఫార్మెన్స్ పక్కన సెట్టింగ్స్, మళ్లీ అడ్వాన్స్‌డ్ ట్యాబ్, వర్చువల్ మెమరీ దగ్గర చేంజ్. అక్కడ పైన 'ఆటోమేటికల్లీ మేనేజ్' అన్నదానికి టిక్ పెట్టండి. రీస్టార్ట్ చేయండి. సైజు మీరు ఇవ్వకండి, విండోస్‌కే వదిలేయండి. అవసరాన్నిబట్టి ర్యామ్‌కి మూడింతల దాకా పెంచుకోగలదు, డ్రైవ్ మొత్తంలో ఎనిమిదో వంతు దాటకుండా చూసుకుంటుంది. మీకు సీలో 31 జీబీ ఖాళీ ఉంది కాబట్టి బెంగలేదు. సీ డ్రైవ్ నిండిపోయినవాళ్లకి మాత్రం ఆన్‌లో ఉన్నా లాభం ఉండదు. పెరగడానికి చోటుండాలిగా.

#22 తిరగలిరాయి
సరే, పెట్టుకోండి. నేను మాత్రం ఆపే ఉంచుతా. నాకు 32 జీబీ ఉంది.

#23 గోడమీదపిల్లి
32 జీబీ పెట్టుకుని 4 జీబీ వాళ్లకి 'సర్దుకోండి' అని సలహా. బాగుందండీ.

#24 నిద్రపోనిట్యాబ్
పాతపెట్టె గారూ, పేజ్‌ఫైల్‌తో పాటు ఇంకోటి కూడా చూడండి. క్రోమ్‌లో షిఫ్ట్ పట్టుకుని ఎస్కేప్ నొక్కితే దాని సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. విండోస్‌లో అన్నీ క్రోమ్ క్రోమ్ క్రోమ్ అని ఒకే పేరుతో కనిపిస్తాయి, ఇక్కడ ఏ ట్యాబ్ ఎంత, ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత అని విడివిడిగా ఉంటుంది. 'మెమరీ ఫుట్‌ప్రింట్' అన్న హెడింగ్ మీద నొక్కితే పెద్దవి పైకి వస్తాయి. పైనున్న నాలుగైదు ఇక్కడ పెట్టండి.

#25 పాతపెట్టె
టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాను. అవే ట్యాబులు మళ్లీ తెరిచాను. ఇప్పుడు కమిటెడ్ 4.3 / 6.8 అని ఉంది. పెట్టె రాలేదు!

షిఫ్ట్ ఎస్కేప్‌లో పైనున్నవి:
స్ప్రెడ్‌షీట్ ట్యాబ్ 430 ఎంబీ
మెయిల్ ట్యాబ్ 310 ఎంబీ
ఒక వార్తల సైట్ 290 ఎంబీ, చూస్తుండగానే పెరుగుతోంది
డిస్కౌంట్ కూపన్లు వెతికే ఎక్స్‌టెన్షన్ 170 ఎంబీ
జీపీయూ ప్రాసెస్ 160 ఎంబీ
వీటి కింద 'సబ్‌ఫ్రేమ్' అని బోలెడు ఉన్నాయి, ఒక్కోటి 30, 40 ఎంబీ. ఇవేంటి? నేను తెరవలేదే.

#26 నిద్రపోనిట్యాబ్
కూపన్ల ఎక్స్‌టెన్షన్ తీసేయండి ముందు. మీరు తెరిచే ప్రతి పేజీలోకీ అది తొంగిచూస్తుంది, ఆ 170 కాకుండా ఒక్కో ట్యాబ్‌లో కొంత కలుస్తుంది.

సబ్‌ఫ్రేమ్‌లు అంటే పేజీలో ఇరికించిన వేరే సైట్ల ముక్కలు. ప్రకటనలు, వీడియోలు, లైక్ బటన్లు. మామూలుగా అవన్నీ ఆ ట్యాబ్‌లోనే నడిచేవి. 2018లో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది కదా, ఒక సైట్ పక్క సైట్ సమాచారాన్ని దొంగచాటుగా చదివే వీలుందని. దాంతో ఆ ఏడాదే క్రోమ్ 67లో ఒక్కో సైట్‌ని ఒక్కో ప్రాసెస్‌లో, అంటే విడిగా నడిచే ప్రోగ్రామ్‌లా, వేరుగా బంధించడం మొదలుపెట్టారు. దానివల్ల మెమరీ 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతుందని గూగులే చెప్పింది. ఫైర్‌ఫాక్స్ కూడా తర్వాత 2021లో అదే దారి పట్టింది. నెట్‌లో కొందరు దీన్ని ఆపేయమని చిట్కాలు చెబుతుంటారు, ఆ పని మాత్రం చేయకండి. బ్యాంకు పేజీ ఒక ట్యాబ్‌లో, గాలివాటం సైట్ ఇంకో ట్యాబ్‌లో తెరిచే మనలాంటివాళ్ల కోసమే అది.

సబ్‌ఫ్రేమ్‌లు తగ్గాలంటే ఒక మంచి యాడ్ బ్లాకర్ చాలు. ఆ వార్తల సైట్ సగానికి పడిపోతుంది చూడండి. ఒక్కటే పెట్టండి, రెండు మూడు పెడితే అవే భారం.

#27 ట్యాబురాజా
నేను చెప్పిందే కదా చివరికి. బకాసురుడు.

#28 శుభ్రం_సుబ్బు
క్యాష్ క్లియర్ చేసి ఉంటే ఆ సబ్‌ఫ్రేమ్‌లు కూడా పోయేవి.

#29 గోడమీదపిల్లి
సుబ్బు గారి పట్టుదల ముందు విండోస్ పట్టుదల ఎందుకూ పనికిరాదు.

#30 మసకతెర
మధ్యలో దూరుతున్నా. నాది విండోస్ 7, 32 బిట్, 2 జీబీ. పేజ్‌ఫైల్ ఆన్‌లోనే ఉంది, 4 జీబీ దాకా ఉంది. అయినా పెద్ద పేజీ తెరిస్తే ట్యాబ్ చచ్చిపోతుంది. క్రోమ్ అప్‌డేట్ కూడా అవ్వట్లేదు. ర్యామ్ 8కి పెంచితే బాగుపడుతుందా?

#31 లోతుచూపు
మీది వేరే జబ్బు. 32 బిట్ విండోస్‌లో ఒక్కో ప్రాసెస్‌కి మామూలుగా 2 జీబీ అడ్రస్ స్పేస్ (అది వాడుకోగల మెమరీ హద్దు) మాత్రమే ఉంటుంది. పేజ్‌ఫైల్ ఎంత పెంచినా ఒక్క ట్యాబ్ ఆ గీత దాటలేదు. 8 జీబీ ర్యామ్ వేసినా విండోస్ 7 32 బిట్ 4కి మించి చూడలేదు, అందులోనూ కొంత హార్డ్‌వేర్ కింద పోతుంది.

ఇక అప్‌డేట్. విండోస్ 7, 8.1 మీద నడిచే ఆఖరి క్రోమ్ 109, అది 2023 మొదట్లోది. ఫైర్‌ఫాక్స్‌లో 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం మద్దతు ఉండే రకం) ఆఖరిది. ఈ రెండింట్లో ఫైర్‌ఫాక్సే మేలు, దానికి భద్రతా సవరణలు క్రోమ్ 109 ఆగిపోయాక కూడా చాలాకాలం వచ్చాయి. అయినా అసలు సిస్టమ్‌కే 2020 జనవరితో మద్దతు అయిపోయింది. ఆ మిషన్‌లో బ్యాంకు పనులు చేయకండి. ప్రాసెసర్ 64 బిట్ అయితే మాత్రం ఆశ ఉంది, పెదనాన్నని అడగండి.

#32 పెంగ్విన్_పెదనాన్న
పిలిచారా. ముందు ప్రాసెసర్ మోడల్ చెప్పండి. చాలా మిషన్లలో ప్రాసెసర్ 64 బిట్టే ఉంటుంది, వేసిన విండోస్ 32 బిట్. 64 బిట్ అయితే తేలికపాటి డెస్క్‌టాప్ ఉన్న లైనక్స్ పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇన్‌స్టాల్ చేయకుండానే ఒకసారి నడిపి చూడండి. 2 జీబీతో పది ట్యాబులు అంటే మాత్రం నేను కూడా హామీ ఇవ్వను.

#33 మసకతెర
మోడల్ చూసి వేరే టాపిక్ పెడతా పెదనాన్నా. ఇక్కడ వీళ్ల కథ చెడగొట్టడం ఎందుకు.

#34 పాతపెట్టె
కూపన్ల ఎక్స్‌టెన్షన్ తీసేశా, యాడ్ బ్లాకర్ పెట్టా. వార్తల సైట్ 290 నుంచి 120కి వచ్చింది, సబ్‌ఫ్రేమ్‌లు రెండో మూడో మిగిలాయి. హెచ్చరిక పూర్తిగా పోయింది. ఒక్క ట్యాబ్ కూడా చావలేదు.

ఇంకొక్క ఇబ్బంది ఉంది. చాలాసేపు ముట్టుకోని ట్యాబ్‌కి వెళ్తే ఒకటి రెండు సెకన్లు గుటకలు మింగుతోంది. ఇది పేజ్‌ఫైల్ మహిమేనా?

#35 లోతుచూపు
అదే. డిస్క్‌కి వెళ్లిన పేజీలు తిరిగి రావడానికి ఆ మాత్రం పడుతుంది. పాత హార్డ్‌డిస్క్ మీదైతే ఇంకా చాలా ఎక్కువ పట్టేది. తగ్గాలంటే క్రోమ్ సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్‌లో మెమరీ సేవర్ ఆన్ చేయండి. వాడని ట్యాబ్‌ని మొత్తంగా వదిలేస్తుంది, నొక్కితే మళ్లీ లోడ్ అవుతుంది. 2022 చివర్లో వచ్చిన సదుపాయం అది, ఎడ్జ్‌లో స్లీపింగ్ ట్యాబ్స్ అని ఉంటుంది.

#36 పాతపెట్టె
ఫారమ్ సగంలో ఉండగా వదిలేస్తే? ఆ దెబ్బ ఒకసారి తిన్నా.

#37 నిద్రపోనిట్యాబ్
సగం నింపిన ఫారమ్ ఉన్న ట్యాబ్, పాట మోగుతున్నది, డౌన్‌లోడ్ అవుతున్నది, పిన్ చేసినది, వీటి జోలికి రాదు. అయినా ధైర్యం చాలకపోతే ఆ సైట్ అడ్రస్‌ని 'ఎప్పుడూ యాక్టివ్‌గా ఉంచు' జాబితాలో పెట్టేయండి. నేను మెయిల్‌ని అలాగే పెట్టుకున్నా.

#38 తిరగలిరాయి
ఇన్ని తిప్పలకన్నా ఇంకో 4 జీబీ వేయించుకుంటే పోలా? పాత ల్యాప్‌టాప్‌లో చాలావాటికి రెండో స్లాట్ ఖాళీగా ఉంటుంది. ఇప్పుడైనా నా మాట వింటారా.

#39 లోతుచూపు
ఈసారి తిరగలిరాయి గారితో నాకు పేచీ లేదు. పాతపెట్టె గారూ, టాస్క్ మేనేజర్‌లో ఆ మెమరీ పేజీలోనే 'స్లాట్స్ యూజ్డ్' అని ఉంటుంది, చూడండి.

#40 పాతపెట్టె
2లో 1 అని ఉంది! స్పీడ్ 1600.

#41 లోతుచూపు
అయితే మీ ర్యామ్ రకం డీడీఆర్3. కొనేముందు వెనక మూత తీసి ఇప్పుడున్న స్టిక్ మీద చీటీ చదవండి. 'పీసీ3ఎల్' అని ఉంటే 1.35 వోల్టులది, ఒట్టి 'పీసీ3' అంటే 1.5 వోల్టులది. మీరు కొనేది మాత్రం పీసీ3ఎల్ అయ్యుండాలి. అది రెండు రకాల మిషన్లలోనూ నడుస్తుంది. 1.5 వోల్టుల స్టిక్‌ని 1.35 మాత్రమే ఇచ్చే ల్యాప్‌టాప్‌లో పెడితే ఆన్ కూడా అవ్వకపోవచ్చు. బ్యాటరీ ఊడదీసి వేయండి. వేశాక పేజ్‌ఫైల్ అలాగే ఉంచండి, మళ్లీ ఎవరైనా ఆపుతానంటే ఒప్పుకోకండి.

#42 పాతపెట్టె
స్క్రూలు విప్పాను. పీసీ3ఎల్ అనే ఉంది. ర్యామ్ వేసినాక కమిటెడ్ అంకె ఇక్కడ పెడతాను.

#43 శుభ్రం_సుబ్బు
మూత ఎలాగూ తీశారు కాబట్టి ఫ్యాన్‌లో దుమ్ము కూడా దులిపేయండి.

#44 గోడమీదపిల్లి
సుబ్బు గారూ, ఈ ఒక్క శుభ్రానికి మాత్రం నా ఓటు మీకే.